నది అవతల ఆరిపోయిన ఆతిష్ ఫిషాన్

అగ్నిపర్వతం అంటే మన పిల్లలకు స్కూల్ కితాబుల ఉండే ఫోటోలే యాదికొస్తయి. ఇటలీల వెసూవియస్, జపాన్ల ఫ్యూజీ. ఉర్దూల దాన్ని ఆతిష్ ఫిషాన్ అంటరు, నిప్పులు చిమ్మేది అని. మా ఆత్మకూరు నుంచి జూరాల కట్ట దాటి గద్వాలకు పోయే పిలగానికి, "బేటా, నువ్వు ఇప్పుడు ఒక ఆతిష్ ఫిషాన్ జమీన్ మీదికే పోతున్నవ్" అని చెప్పేటోడు లేడు. నా షికాయత్ అదే.

పోయి చూస్తే పహాడ్ ఏం కనపడదు, పొగ రాదు. శిఖరం ఎప్పుడో అరిగిపోయి మట్టిల కలిసింది. మిగిలింది కడుపుల రాయి. మా దిక్కు గుండ్లన్నీ గ్రానైటే. కృష్ణ దాటి గద్వాల జమీన్ల అడుగుపెడితే కొన్ని చోట్ల రాయి రంగు మారుతది, ఆకుపచ్చ మీద నలుపు. అది ఒకప్పటి లావా. భూమి లోపల వేడికి, ఒత్తిడికి దాని మిజాజ్ మారి పచ్చబడింది. భూగర్భ శాస్త్రం దీనికి గద్వాల గ్రీన్‌స్టోన్ బెల్ట్ అని మన ఊరి పేరే పెట్టింది. ఉమర్ 250 కోట్ల ఏళ్ళ పైమాటే. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు, ఆదమీ సంగతి అడగనే వద్దు.

2005ల హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఈ రాళ్ళల బోనినైట్ ఉందని దునియాకు చెప్పిన్రు. జపాన్‌కు దక్షిణాన బోనిన్ అనే దీవులున్నయి, వాటి మీద పెట్టిన పేరు. మామూలు లావా కాదిది. సముద్రం అడుగు నేల ఇంకో నేల కిందికి దూరే చోట, నీళ్ళు లోపలికి ఇంకి, పైన ఉన్న రాయి కరిగితే వచ్చే రకం. అంటే మనం పత్తి, వేరుశనగ వేసే ఈ చేన్ల కింద ఒకప్పుడు సముద్రం ఉండె, దాంట్ల నిప్పులు కక్కే దీవులుండె. దీనికి సుబూత్ గద్వాల రాయే. ఇంత పెద్ద కహానీ పక్కల పెట్టుకొని మనం వెసూవియస్ బొమ్మ గీయిస్తున్నం!

ఇటు ఉత్తరానికి పోతే ఇంకో కిస్సా. నారాయణపేట దిక్కు మద్దూరు, కోటకొండ చుట్టు కింబర్లైట్ గొట్టాలున్నయి. 110 కోట్ల ఏళ్ళ కింద, 150 కిలోమీటర్ల కంటె ఎక్కువ లోతు నుంచి రాయిని చీల్చుకుంట ఎగదన్నిన మంట దారులు అవి. అనంతపురం వజ్రకరూరుల ఉన్నదీ ఇదే జాతి. అక్కడ హీరా దొరికింది కాబట్టి ఊరి పేరే వజ్రమైంది. ఇక్కడ చెప్పుకోదగ్గ హీరా తేలలే, అందుకని గొట్టం బేకార్ అయింది. మన ఆదత్ ఇది. కోహినూర్ మీద గంటలు గంటలు బహస్ చేస్తం, దాన్ని మోసుకొచ్చే రాయి ఎట్లుంటదో ఎవ్వరం అడగం. దఫీనా ఉందని ఎవడన్నా అంటే మాత్రం రాత్రికి రాత్రి గడ్డపారలు పట్టుకొని పాత గుడి, పాత దర్గా తవ్వేటోళ్ళు మన జిల్లాలల కమ్ లేరు.

మన తారీఖ్ అంతా రాజులతోనే షురూ అవుతది. అమరచింత సంస్థానానికి ఆత్మకూరు రాజధాని, గద్వాల కిలా సోమనాద్రిది, ఇవన్నీ ఫఖర్‌గ చెప్పుకుంటం, చెప్పుకోవాలె గూడ. కృష్ణా తుంగభద్రల నడుమ జాగాను పాత తవారీఖులల రాయచూర్ దోఆబ్ అని రాస్తరు. దో ఆబ్, రెండు నీళ్ళు. మనకైతే నడిగడ్డ. దీనికోసం బహమనీలు, విజయనగరం తరాల తరబడి కొట్లాడిన్రు, 1520ల రాయచూర్ లడాయి గూడ దీనికే. ఆ దోఆబ్‌లనే హట్టి బంగారు గని ఉంది. గద్వాల లెక్కనే అదీ పాత లావా పట్టీనే. 1947ల నిజాం రాజ్యంల హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ అక్కడ తవ్వుడు పెట్టింది, ఇప్పుడది కర్ణాటక సర్కారు చేతిల ఉంది. సోనా ఉన్న రాయికి కంపెనీ వచ్చింది. సోనా తేలని రాయికి క్రషర్ వస్తది.

"రోడ్డుకు కంకర వద్దా భాయ్, మజ్దూర్లకు రోజీ వద్దా?" అని నా దోస్తే అడిగిండు. సవాల్ సచ్చీదే. క్రషర్‌ల దుమ్ము తిని పనిచేసేటోళ్ళు మనోళ్ళే. అన్ని క్వారీలు బంద్ పెట్టుమని నేను అంటలేను. చిత్రదుర్గ జిల్లా మరడిహళ్ళిల దిండ్ల తీరు గడ్డకట్టిన పాత లావా ఉంది. జీఎస్ఐ దాన్ని జాతీయ భూగర్భ స్మారకం చేసింది. దానితోని కర్ణాటకల కంకర కరువు రాలే. కడప దిక్కు మంగంపేటల బెరైట్స్ తవ్వకం నడుస్తనే ఉంది, అగ్నిపర్వతం నుంచి పుట్టిన ఆ ఖనిజ నిక్షేపానికీ అదే దర్జా దొరికింది. అంటే తవ్వకం, హిఫాజత్ రెండూ ఒకే జాగల కుదురుతయి.

గద్వాల దిక్కున ఒక్క ఎకరం చాలు. లావా రాయి మంచిగ బయటపడ్డ చోటు ఒకటి, కోటకొండ గొట్టం దగ్గర ఇంకోటి, జీఎస్ఐ వాళ్ళతోని నిషాన్ పెట్టియ్యాలె. మైనింగ్ శాఖ కొత్త లీజు రాసే ముందు ఆ సర్వే నంబర్లను పక్కకు తియ్యాలె. తెలుగుల, ఉర్దూల ఒక బోర్డు నాటాలె, జూరాల చూడనీకి వచ్చే స్కూల్ బస్సులు అక్కడ పావుగంట ఆగాలె. ఇది కలెక్టర్ సాబ్ దస్తఖత్ కంటె పెద్ద ఖర్చేం కాదు. ఒకసారి కంకరైన రాయిని మళ్ళ అతికే మిషన్ మాత్రం ఎవ్వరి తాన లేదు.