ఇంటర్వ్యూ గదిలో కనిపించని మొగ్గు: యూపీఎస్సీకి బహిరంగ లేఖ

యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్‌కు, సభ్యులకు,

ఎదుటి మనిషిని చూడగానే మనసు ఒక అంచనాకు వచ్చేస్తుంది. పేరు, రంగు, ముఖం తీరు, ఆడా మగా అన్నవే దానికి ఆధారం. ఇందుకు ద్వేషం అక్కర్లేదు. తాము న్యాయంగానే ఉన్నామని నమ్మేవారిలోనూ ఈ మొగ్గు పనిచేస్తుంది. దీన్ని పరిశోధించినవారిలో ప్రముఖురాలైన మహజరిన్ బనాజీ సికింద్రాబాద్‌లో పెరిగి, ఉస్మానియాలో చదివారు. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్‌తో కలిసి ఆమె ప్రచారంలోకి తెచ్చిన కంప్యూటర్ పరీక్ష ముఖాలనూ మాటలనూ జతపరచడానికి పట్టే సమయాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తుంది. అయితే అదే మనిషికి మళ్లీ పెడితే ఫలితం మారుతుంటుంది కాబట్టి, దాన్నిబట్టి ఎవరిమీదా ముద్ర వేయకూడదు.

నిర్ణయాలనే నేరుగా పరీక్షించిన ప్రయోగాలు ఇంతకన్నా గట్టి సాక్ష్యం. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి ఒకే దరఖాస్తును అమెరికాలోని 127 మంది సైన్స్ ఆచార్యులకు ఇచ్చారు. కొందరికి అందిన కాపీలో పేరు జాన్, మిగతావారి కాపీలో జెన్నిఫర్. జాన్‌కు ఏడాదికి సుమారు 30,200 డాలర్లు ఇవ్వవచ్చన్నారు, జెన్నిఫర్‌కు 26,500 చాలన్నారు. మహిళా ఆచార్యులూ ఆమెను తక్కువగానే అంచనా కట్టారు. ఇంటర్వ్యూ బోర్డులో ఒక మహిళ ఉంటే చిక్కు తీరినట్టేననుకోవడం అందుకే పొరపాటు. బోస్టన్, షికాగోల్లో జరిగిన మరో ప్రయోగంలో ఉద్యోగ దరఖాస్తులపై నల్లజాతివారివిగా తోచే పేర్లకంటే తెల్లవారివిగా తోచే పేర్లకు పిలుపులు 50 శాతం ఎక్కువ వచ్చాయి. మన దేశంలో ఆ పని ఇంటిపేరు చేస్తుంది. ప్రైవేటు ఉద్యోగాలకు పంపిన సమాన అర్హతల దరఖాస్తుల్లో దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తగ్గినట్టు సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో చూపారు.

సివిల్ సర్వీసెస్ మెయిన్స్ జవాబు పత్రంపై పేరు రాయకూడదన్న నియమంతో కమిషన్ ఈ తలుపును ఎప్పుడో మూసింది. 1750 మార్కుల దగ్గర పాటించిన ఆ జాగ్రత్త తర్వాతి 275 మార్కుల పర్సనాలిటీ టెస్టులో, అంటే ఇంటర్వ్యూలో, వీలుపడదు. అక్కడ ముఖం, యాస, వేషం అన్నీ ఎదురుగానే ఉంటాయి. యువకుడి నోట ఆత్మవిశ్వాసంగా వినిపించే జవాబు యువతి నోట దురుసుగా తోచవచ్చు. ఈశాన్య రాష్ట్రాల అభ్యర్థి ముఖం చూడగానే ప్రశ్నలు సరిహద్దు, చైనా వైపే మళ్లవచ్చు.

అమెరికా ఆర్కెస్ట్రాలు ఎంపిక వేళ కళాకారులను తెర వెనుక నుంచి వాయించమన్నాయి, అడుగుల చప్పుడు వినబడకుండా కొన్నిచోట్ల తివాచీ కూడా పరిచాయి. ఇంటర్వ్యూకు తెర కట్టలేం. చేయగలిగినవి వేరే ఉన్నాయి: అందరికీ కొన్ని ఉమ్మడి ప్రశ్నలు, ఏ గుణానికి ఎన్ని మార్కులో ముందే తేల్చిన కొలమానం, చర్చకు ముందే సభ్యులు ఎవరికి వారు మార్కులు రాసి ఇవ్వడం. వీటితోపాటు బోర్డులవారీగా స్త్రీ, పురుష అభ్యర్థుల సగటు మార్కులను ఏటా ప్రకటించవచ్చు. ఆ సగటుల్లో తేడా కనిపించినంత మాత్రాన పక్షపాతం రుజువైనట్టు కాదు. రాత పరీక్షలో దాదాపు సమాన మార్కులు వచ్చినవారిని పక్కపక్కన పెట్టి చూడాలి, అందుకు కావలసిన లెక్కలన్నీ కమిషన్ దగ్గరే ఉన్నాయి.