రెండో నంబరు కుర్రాడు

పోయిన వారం ఆఫీసులో నా ముందుకి ఒక ఫారం వచ్చింది. మా టీమ్‌లో చేరి ఆరు నెలలైన ట్రైనీ కుర్రాడి గురించి నా అభిప్రాయం రాయాలి. పని ఎలా చేస్తున్నాడు, టైముకి ఇస్తున్నాడా, నలుగురితో ఎలా ఉంటున్నాడు లాంటివన్నీ టకటకా నింపేశాను. చివర్లో ఒక గడి ఉంది. ముందుముందు ఎంత ఎదగగలడు? ఒకటి నుంచి ఐదు వరకు అంకె వెయ్యాలి. మూడు వేసేద్దామని చెయ్యి పెట్టి, ఆగిపోయాను. నన్ను ఆపింది ఆ కుర్రాడు కాదు. కాపో కక్కో.

పేరు వింటే నవ్వొస్తుంది కదా. ఫోన్లో చెప్తే మా అమ్మ కూడా "అదేం పేర్రా, కక్కడమేంటి!" అని ఒకటే నవ్వు. ఇక్కడ ఫిన్లాండ్‌లో మాత్రం ఆ పేరుకి ఎవరూ నవ్వరు. ఐస్ హాకీ ఆటగాడు. తుర్కు ఊరివాడు. వాడి విషయంలో నేను రెండుసార్లు తీర్పు చెప్పాను. రెండుసార్లూ తప్పాను.

మొదటిసారి 2019 జనవరిలో. నేను ఎమ్మెస్ కోసం టాంపెరె వచ్చి నాలుగైదు నెలలైంది. ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల ప్రపంచ పోటీ ఫైనల్ కెనడాలోని వాంకోవర్‌లో జరుగుతోంది. అక్కడ సాయంత్రమంటే మాకు తెల్లవారుజాము. హాస్టల్ వంటగదిలో ఒక్క లాప్‌టాప్ చుట్టూ పదిమందిమి. నాకు అప్పటికి ఆఫ్‌సైడ్ అంటే కూడా తెలీదు. అమెరికా రెండు, ఫిన్లాండ్ రెండు. ఇంకో నిమిషంన్నర ఆట కూడా లేదు. అప్పుడు ఈ పదిహేడేళ్ల కుర్రాడు నెట్ పక్కకి వచ్చి పక్‌ని లోపలికి నెట్టేశాడు. అంతే, వంటగదిలో గిన్నెలు ఎగిరాయి.

ఆ సీజన్‌లో తుర్కు జట్టు టీపీఎస్ తరఫున 45 మ్యాచ్‌ల్లో 22 గోల్స్ కొట్టాడు. ఆడింది జూనియర్లతో కాదు, ఫిన్లాండ్‌లో పెద్దవాళ్ల లీగ్ అయిన లీగాలో. ఆ వయసులో అన్ని గోల్స్ ఎవరూ కొట్టలేదు. అంతకుముందు రికార్డు అలెగ్జాండర్ బర్కోవ్‌ది, 21. మే నెలలో పెద్దవాళ్ల ప్రపంచ పోటీలో ఇంకో 6 గోల్స్, ఇంకో బంగారు పతకం. జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్.

డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిదే అనుకోండి. కాకపోతే డబ్బు పాట ఉండదు. పద్దెనిమిదేళ్లు వచ్చిన కుర్రాళ్లని జట్లు వరసగా ఎంచుకుంటాయి. కిందటేడు బాగా ఓడిన జట్లకి ముందు అవకాశం. కక్కోని రెండో నంబరుగా న్యూయార్క్ రేంజర్స్ తీసుకుంది. "రాసి పెట్టుకోండి, ఐదేళ్లలో వీడు లీగ్‌కే పెద్ద స్టార్" అని నేను ఆట తెలియని నా రూమ్మేట్లకి కూడా క్లాసు పీకాను.

మొదటి సీజన్ 66 మ్యాచ్‌లు, 10 గోల్స్, 23 పాయింట్లు. (గోల్ కొట్టినా, కొట్టడానికి పాస్ ఇచ్చినా ఒక్కో పాయింటు.) రెండో ఏడు, మూడో ఏడు కూడా మెరుపుల్లేవు. 2022లో జట్టు సెమీస్ దాకా వెళ్తే, టంపా మీద ఆరో మ్యాచ్‌కి దెబ్బేమీ తగలకపోయినా కక్కోని పక్కన కూర్చోబెట్టారు. రేంజర్స్ ఆ మ్యాచ్ ఓడి ఇంటికొచ్చేసింది. మర్నాడు ఆఫీసులో "వీడి పని అయిపోయింది" అన్నాను. ఇది నా రెండో తీర్పు.

నా పక్క సీటాయన తుర్కువాడే. మామూలుగా రోజుకి పది మాటలు మించి మాట్లాడడు. ఆరోజు మాత్రం తల తిప్పి, "వాడు ఎన్ని నిమిషాలు ఆడాడో చూశావా? ఎవరితో ఆడాడో చూశావా?" అన్నాడు. చూడలేదు. డేటాతోనే బతుకుతున్నా, అంకె కింద ఏముందో చూడలేదు.

ఆ రాత్రి కూర్చుని చూశాను. హాకీలో ఒక లైనంటే ముగ్గురు ఫార్వర్డ్‌లు. నలభై యాభై సెకన్లు ఆడి బెంచికి వచ్చేస్తారు, ఇంకో లైను దిగుతుంది. మొదటి లైను వాళ్లకి మ్యాచ్‌లో ఇరవై నిమిషాల దాకా దొరుకుతుంది. ఎదుటి జట్టులో ఒకడు శిక్ష మీద బయట కూర్చున్నప్పుడు దొరికే పవర్ ప్లే కూడా వాళ్లదే. గోల్స్ పండేది అక్కడే. కక్కోకి మొదటి ఏడు దొరికింది సుమారు 14 నిమిషాలు. రేంజర్స్ మొదటి పవర్ ప్లేలో పనారిన్, జిబానెజాద్, క్రైడర్, ఫాక్స్ పాతుకుపోయి ఉన్నారు. మిగిలినవాళ్లకి దక్కేది ఆఖరి కొన్ని సెకన్లు.

అలాగని తప్పంతా కోచ్‌ల మీదికి తోసెయ్యను. 2019లో నేను చూడనిది ఇంకోటుంది. కక్కో బలం వేగం కాదు. గోడ పక్కన పక్‌ని ఒంటితో కాచుకుని, ఎవరొచ్చి గుద్దినా వదలకపోవడం. ఫిన్లాండ్ రింకులు సాధారణంగా ఎన్‌హెచ్‌ఎల్ రింకుల కన్నా వెడల్పు. పక్ కాచుకున్నాక తిరిగి చూసుకోవడానికి ఓ క్షణం దొరుకుతుంది. అమెరికాలో ఆ క్షణం దొరకదు. పైగా మొదటి రెండడుగుల్లో దూసుకెళ్లే వేగం వాడికి లేదు. ఆ తేడాని పద్దెనిమిదేళ్లవాడు ఒక్క సీజన్‌లో పూడ్చుకోవాలనుకోవడం అత్యాశే. దానికి తోడు వాడికి టైప్ 1 డయాబెటిస్, గోధుమలు పడని సీలియాక్ జబ్బు. 82 మ్యాచ్‌లు, ఊరూరా విమానాలు, వేళకాని వేళ తిండి. ఇన్సులిన్ లెక్క చూసుకుంటూ ఇదంతా చెయ్యాలి.

ఇక్కడే ఇంకో లెక్క చెప్పాలి. మూడేళ్లకోసారి ఒక ఫిన్లాండ్ కుర్రాడు సరిగ్గా రెండో నంబరుగా ఎంపికయ్యాడు. 2013లో బర్కోవ్, 2016లో పాట్రిక్ లాయినె, 2019లో కక్కో. మొదటి సీజన్‌లో లాయినె 36 గోల్స్‌తో 64 పాయింట్లు. బర్కోవ్ 54 మ్యాచ్‌ల్లో 24. కక్కో 66 మ్యాచ్‌ల్లో 23. ఆ ఒక్క ఏడు చూసి మార్కులు వెయ్యమంటే మీరైనా నేనైనా ఏం వేస్తాం? లాయినె ఎక్కడో పైన, మిగిలిన ఇద్దరూ ఇంచుమించు ఒక్కటే అంటాం.

తర్వాత ఏమైంది? లాయినె రెండో ఏడు 44 గోల్స్ కొట్టాడు. ఇప్పటిదాకా అదే శిఖరం. ఆ తర్వాత జట్లు మారాడు, దెబ్బలు తిన్నాడు. బర్కోవ్ మోకాలి గాయంతో మొదటి సీజన్ మధ్యలోనే ఆగిపోయాడు. రెండో ఏడు 36 పాయింట్లు, మూడో ఏడు 59. 2024లో, మళ్లీ 2025లో ఫ్లోరిడా కెప్టెన్‌గా స్టాన్లీ కప్ ఎత్తాడు. అంటే 23, 24 పాయింట్ల అంకె ఆ ఇద్దరి గురించీ ఏమీ చెప్పలేదన్నమాట. అదే దేశం నుంచి 2015లో రెండో రౌండులో, 35వ నంబరుగా పోయిన సెబాస్టియన్ ఆహో కెరొలైనాకి మూలస్తంభం అయ్యాడు.

మరి కక్కో? 2022-23లో 82 మ్యాచ్‌ల్లో 40 పాయింట్లు కొట్టాడు. మరుసటేడు 19కి పడిపోయాడు. 2024 డిసెంబర్‌లో రేంజర్స్ వాడిని సియాటిల్‌కి ఇచ్చేసింది. అప్పటికి ఆ సీజన్‌లో 30 మ్యాచ్‌ల్లో 14 పాయింట్లు. సియాటిల్‌లో మ్యాటీ బెనియర్స్ పక్కన ఎక్కువ నిమిషాలు దొరికాయి. మిగిలిన 49 మ్యాచ్‌ల్లో 30 పాయింట్లు వచ్చాయి. ఒంట్లో వేగం రాత్రికి రాత్రి పెరగదు. పెరిగింది ఆడించిన తీరు. 2025లో ఆ జట్టు వాడితో మూడేళ్ల ఒప్పందం రాసుకుంది.

అయితే, 49 మ్యాచ్‌లు చూసి "నేను ముందే చెప్పానుగా" అంటే అది మూడో తప్పవుతుంది. నా అంచనా అడిగితే: పక్ పోగొట్టుకోని, వెనక్కొచ్చి కాపలా కాసే, ఏడాదికి యాభై పాయింట్ల దరిదాపుల్లో ఉండే మంచి రెండో లైను వింగర్. 2019లో నేను కలగన్న స్టార్ కాదు, 2022లో నేను చెత్తబుట్టలో వేసినవాడూ కాదు.

ఇప్పుడు ఇక్కడ అందరి నోటా ఇంకో పేరు: కోన్‌స్టా హెలేనియస్. సెంటర్ ఆటగాడు. 2023-24లో మిక్కెలి ఊరి జట్టు యుకురిత్‌కి ఆడుతూ, పదిహేడేళ్లకే పెద్దవాళ్ల లీగాలో 51 మ్యాచ్‌ల్లో 36 పాయింట్లు. 2024 డ్రాఫ్ట్‌లో బఫెలో 14వ నంబరుగా తీసుకుంది. తీసుకున్నాక తొందరపడి పై లీగ్‌లోకి తొయ్యలేదు. కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌లో రోచెస్టర్‌కి పంపింది. మొదటి సీజన్ 65 మ్యాచ్‌ల్లో 35 పాయింట్లు. పెద్ద ఒడ్డూ పొడుగూ కాదు, కానీ గుద్దులాటకి జంకడు.

వాడి గురించి అడిగిన ఆఫీసు మిత్రులకి ఈసారి స్టారా కాదా అని చెప్పలేదు. మూడు చూడమన్నాను. సీజన్ మొదటి సగం కన్నా రెండో సగం బాగుందా? సెంటర్‌గానే ఉంచుతున్నారా, పక్కకి జరిపేశారా? నిమిషాలు పెరుగుతున్నాయా? ఈ మూడూ అవునైతే రెండో లైను సెంటర్ అవుతాడని నా నమ్మకం. తేదీ వేసి నోట్స్‌లో రాసుకున్నాను. మూడేళ్ల తర్వాత తెరుస్తాను. తప్పైతే ఎక్కడ తప్పానో అప్పుడు తెలుస్తుంది కదా.

మళ్లీ ఆ ఫారం దగ్గరికి వస్తాను. మూడు వెయ్యబోయి ఆగానని చెప్పానుగా. ఆ కుర్రాడికి ఈ ఆరు నెలల్లో ఏం పని ఇచ్చామో వెనక్కెళ్లి చూశాను. ఎవరూ ముట్టుకోని పాత మాడ్యూల్‌లో బగ్గులు. అన్నీ చిన్నవే. పక్కన కూర్చుని చూపించినవాళ్లు లేరు. డిజైన్ మీటింగుల్లో ఒక్కదానికీ పిలవలేదు. ఆ పని వాడికి కేటాయించిందెవరా అని చూస్తే, నా పేరే ఉంది.

గడిలో అంకె వెయ్యలేదు. "ఇప్పటిదాకా ఇచ్చిన పని చూసి చెప్పలేను, ఇంకో మూడు నెలలు కావాలి" అని రాసి మేనేజర్‌కి పంపాను. గడి ఖాళీగా వదలకూడదని ఆయన కాస్త విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కున్నాడు. సోమవారం నుంచి ఆ కుర్రాడు కొత్త పేమెంట్ పని మీద నాతో కూర్చుంటున్నాడు. మొదటి రోజే నా కోడ్‌లో ఒక తప్పు పట్టాడు.