తమ్ముడు దిగే రోజు మీకు డ్యూటీ ఉంటే

ఈ వారం మా తప్పుతోనే మొదలుపెడతాం.

మా ఆఫీసులో టైంషీట్లు, వీసా కాగితాలు చూసేవాళ్ళం నలుగురం తెలుగువాళ్ళమే. సోనాపూర్ కాంపులో ఉండే ఒక ఆర్మూరు అన్న ఆ మధ్య మా దగ్గరికి వచ్చాడు. తమ్ముడు విజిట్ మీద దుబాయ్ వస్తున్నాడు, ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు దిగుతాడు, తనకేమో నైట్ డ్యూటీ, సెలవు దొరకలేదు, ఎట్లా రమ్మనాలి అని అడిగాడు. "దాందేముందన్నా, టెర్మినల్ 1 లోనే మెట్రో ఉంది. ఐదింటికి మొదలవుతుంది, యూనియన్‌లో దిగమను" అని ధీమాగా చెప్పి పంపాం.

ఆదివారం మెట్రో ఉదయం 8 గంటలకు గానీ మొదలవదు. మేమంతా పాతకాపులం. శుక్రవారమే లేటు అన్న పాత లెక్క మా బుర్రలో ఉండిపోయింది. 2022 జనవరిలో ఇక్కడ సెలవులు శని, ఆదివారాలకు మారాయి, మెట్రో వేళలూ మారాయి. ఇప్పుడు సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 5 కే మొదలవుతుంది. అర్ధరాత్రి 12 దాకా నడుస్తుంది, శుక్రవారం మాత్రం 1 దాకా. ఆదివారం ఒక్కటే 8 నుంచి. రోజూ ఆ మెట్రోలో తిరిగే మేమే మరిచిపోయాం, సిగ్గుగానే ఉంది.

ఆ పిల్లవాడు తాళ్ళు కట్టిన అట్టపెట్టె పట్టుకుని మూసిన గేటు ముందు నిలబడ్డాడు. ఎవరో వచ్చి "డేరా? చలో భాయ్" అన్నాడు. అది టాక్సీ కాదు, సొంత కారు. జేబులో ఉన్న 200 దిర్హాముల్లో 150 తీసుకుని నాయిఫ్‌లో ఏదో సందులో దింపి వెళ్ళిపోయాడు. చేతిలో ఇండియా ఫోను, లోకల్ సిమ్ము లేదు. అన్న ఫోను సైటు లాకర్లో ఉంది. తొమ్మిదింటికి ఒక గ్రోసరీ మలబారీ తన ఫోను ఇచ్చేదాకా ఆ పెట్టె మీదే కూర్చున్నాడట. మీటరు టాక్సీ అయితే అంత దూరానికి యాభై లోపే అయ్యేది.

అందుకని ఈసారి సరిగ్గా రాస్తున్నాం. కత్తిరించి వాట్సాప్‌లో ఇంటికి పంపండి.

ముందు టికెట్ మీద టెర్మినల్ నంబరు చూడమనండి. 1, 3 టెర్మినళ్ళకు మెట్రో స్టేషన్లు ఉన్నాయి, రెండూ రెడ్ లైనే. ఎమిరేట్స్ విమానమైతే 3. టెర్మినల్ 2 మాత్రం విమానాశ్రయానికి అవతలి వైపు ఉంది, అక్కడ మెట్రో లేదు. అక్కడ దిగేవాళ్ళు టాక్సీ క్యూలోకి వెళ్ళడమే మేలు. పైకప్పు ఎర్రగా ఉండే లేత రంగు కార్లు అసలు టాక్సీలు. గులాబి పైకప్పువి ఆడవాళ్ళకు, కుటుంబాలకు. విమానాశ్రయంలో ఎక్కితే మీటరు 25 దిర్హాముల నుంచి మొదలవుతుంది, చూసి కంగారు పడొద్దు. షార్జా వెళ్ళమంటే ఇంకో 20 కలుస్తుంది. లోపలికొచ్చి "టాక్సీ, టాక్సీ" అని పిలిచేవాడి వెంట మాత్రం వెళ్ళొద్దు.

మెట్రోకు నోల్ కార్డు కావాలి. సిల్వర్ కార్డు 25 దిర్హాములు, అందులో 19 ప్రయాణానికే ఉంటాయి. యూనియన్ దాకా అంతా ఒకే జోను, 3 దిర్హాములే. యూనియన్‌కు ముందు డేరా సిటీ సెంటర్, అల్ రిగ్గా వస్తాయి. సెంటర్‌పాయింట్ అని రాసి ఉన్న బండి ఎక్కితే వెనక్కి వెళ్ళినట్టే. మా పాతవాళ్ళు రషీదియా అనే స్టేషనే అది. గులాబి గీత దాటి ఆడవాళ్ళ డబ్బాలో నిలబడితే 100 జరిమానా. బండిలో ఏదైనా తిన్నా, నీళ్ళు తాగినా అంతే. ఎండలో వచ్చినవాడు గుటకేస్తాడు, ముందే చెప్పండి.

సామాను ఒక పెద్దది, ఒక చిన్నది. పెద్దది 81 సెంటీమీటర్ల పొడుగు, 58 వెడల్పు, 30 మందం దాటకూడదు. పచ్చళ్ళ డబ్బాలతో మూడో మూట ఉంటే టాక్సీయే గతి. పచ్చళ్ళంటే గుర్తొచ్చింది, అమ్మ కట్టిచ్చే మసాలాలో గసగసాలు ఉన్నాయేమో చూడండి. మనకు వంటింటి సరుకే గానీ ఈ దేశంలో నిషేధం, కేసు అవుతుంది.

విమానాశ్రయంలో వైఫై ఉచితం. అయితే వాట్సాప్ కాల్ ఇక్కడ పనిచేయదు. ఇంటి దగ్గర రోజూ మాట్లాడే అలవాటున్నవాళ్ళు కాల్ చేసి చేసి, అన్న ఎత్తట్లేదని ఏడుస్తారు. మెసేజ్, వాయిస్ రికార్డింగ్ వెళ్తాయి. ఇద్దరి నంబర్లు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోమనండి. ఉండే చోటు పేరు ఇంగ్లీషులో రాసుంటే టాక్సీవాడికి చూపిస్తే చాలు. కాంపులో రాత్రి చుట్టాన్ని ఉంచడానికి సెక్యూరిటీ ఒప్పుకోడు, బెడ్ స్పేస్ ముందే మాట్లాడుకోవాలి.

ఇంకొకటి. బయట బోర్డు పట్టుకుని నిలబడ్డ ఏజెంటు మనిషి "పాస్‌పోర్టు ఇటివ్వు" అంటే ఇవ్వనక్కర్లేదు. ఇమిగ్రేషన్ దాటాక అది మళ్ళీ జేబులోకి పోవాల్సిందే. విజిట్ మీద వచ్చి పనిలో చేరడం ఇక్కడ నేరం, ఆ పనికి పెడతామని చెప్పేవాడే సాధారణంగా పాస్‌పోర్టు అడుగుతాడు.

ఆర్మూరు అన్నకు మేము 150 దిర్హాములు ఇవ్వబోతే తీసుకోలేదు. వచ్చే నెల వాళ్ళ బాపు వస్తున్నాడట, అదీ ఆదివారమే. ఈసారి మాలో ఇద్దరం నాలుగింటికే టెర్మినల్ బయట ఉంటామని చెప్పాం. మెట్రో గేటు దగ్గర కాదు, టాక్సీ క్యూ దగ్గర.