బంగారం ఇచ్చెయ్, కాగితం పట్టుకెళ్లు

పొద్దున్నే ఫోన్‌లో ఒక అలర్ట్: ఇంట్లో ఉన్న బంగారు కాసులన్నీ నెలాఖరులోగా బ్యాంకులో అప్పజెప్పండి, లేదంటే పదేళ్ల జైలు. ఫేక్ న్యూస్ అని స్వైప్ చేసేస్తాం కదా?

అమెరికాలో ఇది నిజంగానే జరిగింది. 1933 ఏప్రిల్ 5న ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 6102 నంబరు ఆర్డర్ మీద సంతకం పెట్టాడు. బంగారు నాణేలు, కడ్డీలు, గోల్డ్ సర్టిఫికెట్లు మే 1లోపు ఇచ్చెయ్యాలి. మనిషికి 100 డాలర్ల విలువ దాకా ఉంచుకోవచ్చు. నగల జోలికి మాత్రం రాలేదు, అక్కడి అమ్మమ్మలు బతికిపోయారు! దాచుకుంటే 10,000 డాలర్ల దాకా జరిమానా, పదేళ్ల దాకా జైలు, లేదా రెండూ.

ఔన్సుకి, అంటే మన లెక్కలో దాదాపు మూడు తులాలకి, 20.67 డాలర్లు ఇచ్చారు. బంగారం వసూలయ్యాక 1934 జనవరిలో అదే ఔన్సు రేటుని 35 డాలర్లు చేశారు. లాభం ఎవరి ఖాతాలో పడిందో చెప్పక్కర్లేదు.

నాకు రేటు కన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఆ ఆర్డర్‌కి వాడిన చట్టం. అది 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, శత్రు దేశాలతో వ్యాపారం ఆపడానికి చేసింది. 1933 మార్చి 9న కాంగ్రెస్ ఒక్కరోజులో దాన్ని సవరించింది. ఇక యుద్ధమే అక్కర్లేదు, ప్రెసిడెంట్ ఎమర్జెన్సీ ప్రకటిస్తే చాలు. పాత కోడ్‌లో ఇఫ్ కండిషన్ పక్కన ఒక 'ఆర్' తగిలించడం లాంటిది ఇది. రోజూ ఆ పనిలోనే ఉంటాను కాబట్టి చెప్తున్నా, అలా తగిలించినదాన్ని తీసే ధైర్యం తర్వాత ఎవరూ చెయ్యరు.

బ్యాంకులు కూలిపోతుంటే ఇంకేం చేస్తాడు అంటారా? సరే, ఆ కొన్ని నెలలకి ఒప్పుకుంటా. తర్వాత సంగతేంటి?

ఒకాయన దగ్గర 10,000 డాలర్ల ప్రభుత్వ బాండ్ ఉంది. బంగారంలో తీరుస్తామని దాని మీద రాసుంది. బాండ్ పేరేంటో తెలుసా, లిబర్టీ బాండ్! తీర్చకపోతే కోర్టుకెళ్లాడు. 1935లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది: ప్రభుత్వం మాట తప్పడం రాజ్యాంగ విరుద్ధమే, కానీ నీకు నష్టమేమీ జరగలేదు కాబట్టి వచ్చేదేమీ లేదు. ఈ తీర్పు చదివి రెండు నిమిషాలు స్క్రీన్ వైపు అలాగే చూస్తూ కూర్చున్నా.

మామూలు అమెరికన్ మళ్లీ దర్జాగా బంగారు కడ్డీ కొనుక్కోగలిగింది 1974 డిసెంబర్ 31న. అప్పటికి రూజ్‌వెల్ట్ చనిపోయి 29 ఏళ్లు.