రజాకారు అనే మాట

సెప్టెంబరు వచ్చిందంటే మా ఆర్మూరులో రజాకారు అనే మాట మళ్ళీ వినిపిస్తుంది. మన పిల్లలు తల దించుకుంటారు. జరిగినదేమిటో ఇంట్లో వారికి మనమే చెప్పాలి.

1944లో బహాదుర్ యార్ జంగ్ మరణించిన తరువాత కొంతకాలానికి ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పగ్గాలు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి. రజాకార్లను నడిపినది ఆయనే. ఆ ధోరణిని ఖండించిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాదులో హతుడయ్యాడు. అంతకు ముందే విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణాలిచ్చిన షేక్ బందగీ ఎవరు? రైతాంగ పోరాటంలో నిలిచిన మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? ఈ పేర్లు మన ఇళ్ళలోనే వినిపించకపోవడం విచారకరం.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. మరునాడు సేనాధిపతి ఎల్ ఇద్రూస్ జనరల్ చౌధురి ఎదుట లాంఛనంగా లొంగిపోయాడు. ఐదు రోజుల యుద్ధం!

అసలు విపత్తు ఆ తరువాతిది. ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువగా చూసినా, 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. మన పొరుగు నాందేడ్ అత్యధికంగా నష్టపోయిన నాలుగు జిల్లాలలో ఒకటి. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు.

ప్రధాని లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకొని పాకిస్తాన్ చేరాడు. రజ్వీ 1957లో విడుదలై అక్కడికే వెళ్ళాడు. పల్లెల్లోని పేద ముస్లిములు ఎక్కడికి పోగలరు? కొన్నిచోట్ల హిందూ చేనేత కార్మికులు తమ తోటి ముస్లిం నేతగాళ్ళను, భారీ మూల్యం చెల్లించి మరీ, కాపాడారని అదే నివేదికలో ఉంది.