కొమ్ములు కాదు, పళ్ళు చూడండి

సంతలో ఎద్దును కొనే రైతు కొమ్ముల రంగు చూసి డబ్బివ్వడు. పళ్ళు చూసి వయసు కడతాడు. మరి మనమో? ‘ఐ7’ అన్న చీటీ చూసి, ఇంటినుంచి వచ్చిన పంట డబ్బు పాత కంప్యూటర్‌కు పోస్తున్నాం!

ఇంటెల్ ఐ7-7700 వచ్చింది 2017లో, ఐ3-12100 వచ్చింది 2022లో. రెండింటికీ కోర్లు నాలుగే, త్రెడ్లు ఎనిమిదే. అయినా పనిలో ఐ3దే పైచేయి. పేరులోని 7, 12 తరం సంఖ్యలు; అవే పళ్ళు! విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది. విండోస్ 11కి పనికొచ్చే చిప్‌ల జాబితాలో ఆ ఐ7 లేదు. పోనీ చిప్ ఒక్కటే మారుద్దామంటే, ఆ పాత బోర్డులో ఈ కొత్తది కూర్చోదు.

మిత్రులారా! షాపువాడు ‘ఐ7 సార్’ అనగానే తలూపకండి. ‘ఎన్నో తరం?’ అని అడగండి. అడగడానికి మొహమాటపడితే నష్టం మనకే.