రెక్కకు పాఠంలో చోటివ్వాలి

వేల్పూర్, ఆర్మూర్ వైపు పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే పొద్దుగూకే వేళకు ఏ వాకిట్లోనైనా వినబడే మాట ఒకటే: ‘రెక్కలు గుంజుతున్నయ్’. పొద్దంతా గడ్డపార ఎత్తి దించిన మనిషి ఒక చేతిని ఎదుటి భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి, వేళ్లతో నొక్కి చూపించేది వీపు పైభాగాన, పక్కటెముకల మీద ఉండే ముక్కోణపు పలుచని ఎముకను. ఆయనే దవాఖానకు పోతే చీటీ మీద దాని పేరు స్కాపులా. తెలుగులో చదువుకునే ఆయన బిడ్డకు పుస్తకంలో అది అంసఫలకం. ఒకే ఎముకకు మూడు పేర్లుంటే నష్టమేమీ లేదు. నొప్పి చెప్పుకునే పేరు ఒక్కటే చదువులోనూ వైద్యంలోనూ లెక్కకు రాకుండా పోవడమే నష్టం. రాతలో ‘రెక్క ఎముక’, మా దిక్కు మాటలో ‘రెక్క బొక్క’ అనే పేరును పాఠాల్లోకి, ఆరోగ్య ప్రచారంలోకి తీసుకోవాలన్నది నా వాదన. ఇది భాషాభిమానం కోసం చెబుతున్నది కాదు. ఆ ఎముకకు లోకమంతా పేర్లు పెట్టిన తీరే ఈ వాదనకు ఆధారం.

లాటిన్‌లో స్కాపులా అనే మాటను చాలామంది పండితులు తవ్వడం అనే అర్థమున్న గ్రీకు ధాతువుతో ముడిపెడతారు. పశువు భుజపుటెముకను పారలా వాడుకున్న కాలం ఆ పేరు వెనుక ఉందని వారి ఊహ. ఇది గాలిలో కట్టిన మాట కాదు. చైనాలోని హెముడు అనే చోట, సుమారు 7,000 ఏళ్ల కిందటి వరి సాగుదారుల ఊళ్లో, పశువుల భుజపుటెముకలకు కర్ర బిగించి చేసిన పారలు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఫ్రెంచివారి ఎపోల్, ఇటలీవారి స్పల్లా రెండూ భుజానికి పేర్లే. అవి వెడల్పాటి చదునైన పనిముట్టును చెప్పే స్పాతులా అనే లాటిన్ మాట నుంచి వచ్చాయి. జర్మన్లు ఈ ఎముకను భుజపుటాకు అంటారు. మన సుశ్రుతుడి అంసఫలకమూ ఇంతే. అంసమంటే భుజం, ఫలకమంటే పలక. సుశ్రుత సంహిత దీన్ని 107 మర్మస్థానాల్లో చేర్చింది, అక్కడ దెబ్బ తగిలితే చేతులు మొద్దుబారతాయని, చిక్కిపోతాయని హెచ్చరించింది. పార, ఆకు, పలక: ఇన్ని చోట్ల శాస్త్రం ఈ ఎముకకు పేరును ఇంట్లోంచో పొలంలోంచో తెచ్చుకుంది. తెలుగులో మాత్రం ఇంటి మాటను గడప బయట నిలబెట్టాం.

సంస్కృత పదమైతే గందరగోళం ఉండదని మన శాస్త్ర పదాలు కూర్చిన పెద్దలు నమ్మారు. భుజం అనే మాట దగ్గరే ఆ నమ్మకం నిలవదు. వంగడం అనే ధాతువు నుంచి పుట్టిన సంస్కృత భుజానికి అర్థం చెయ్యి. చతుర్భుజుడంటే నాలుగు చేతులవాడే. తెలుగుకొచ్చాక ఆ మాట పైకి జరిగి, మెడకూ చేతికీ నడుమ బరువు మోసే చోటయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. బూడిద గుమ్మడికాయ మోస్తే దాని తెల్లని పొడి అంటుకునేది అక్కడే. బాధ్యత భుజాన వేసుకోవడం, కండువా భుజాన వేసుకోవడం అన్నప్పుడూ మనకు తోచే చోటు అదే. మరి మన జీవశాస్త్ర పుస్తకం భుజాస్థి అని దేన్నంటుంది? భుజం నుంచి మోచేతి దాకా ఉండే దండచేతి ఎముకను. తెలుగు తెలిసిన పిల్లవాడు ఆ పేరు చదివి భుజం మీద చెయ్యి వేసుకుంటే తప్పు వాడిది కాదు. ఇంటి మాటలు వాడితే తికమక పడతారని భయపడి తెచ్చుకున్న పేరే తికమక పెడుతోంది.

రెక్క అలా కాదు. తలుపు రెక్క, ఫ్యాను రెక్క, పూరెక్క, పక్షి రెక్క: అన్నింటిలోనూ తెలుగువాడు చూసింది ఒక అంచున అతుక్కుని మిగతా భాగం విప్పారి ఉండే పలుచని వస్తువును. వీపు మీది ఎముక తీరు సరిగ్గా ఇదే. మొండేనికి దానికున్న ఎముకల లంకె కాలర్ ఎముక (జత్రుక) ద్వారా మాత్రమే, మిగతా పట్టంతా కండరాలది. అందుకే అది పక్కటెముకల మీద జారుతూ తిరుగుతుంది. చెయ్యిని నిటారుగా పైకెత్తితే ఆ కదలికలో దాదాపు మూడో వంతు ఈ ఎముక తిరగడం వల్లే వస్తుంది. అందుకే ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అన్న సామెత శరీర నిర్మాణం ప్రకారమూ నిజమే. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తా వీపున వేసుకుని ముందుకు వంగి నడిచే హమాలీని చూడండి. బస్తా బరువు మెడకు దిగువన రెండు రెక్కల మీద పరుచుకుంటుంది, పైకి పట్టిన చేతులు దాన్ని జారనివ్వవు. ఏళ్ల తరబడి ఇలాంటి బరువులు మోసినవారిలో ఒక్కోసారి ఆ ఎముకను పక్కటెముకలకు అదిమి ఉంచే కండరపు నరం దెబ్బతిని, ఎముక అంచు వీపు మీద పైకి లేస్తుంది. ఇంగ్లీషు వైద్యులు కూడా దాన్ని రెక్క లేవడమనే అంటారు. వాళ్లు పోలికగా చెప్పేది మన కూలీకి అసలు పేరే.

దీనికి మూడు అభ్యంతరాలు వస్తాయి. రెక్క అంటే చెయ్యి కూడా కదా, కచ్చితత్వం ఏదీ అన్నది మొదటిది. నిజమే, ‘రెక్క పట్టి గుంజిండు’ అంటే చెయ్యి పట్టుకుని లాగాడనే. అందుకే ఉత్త రెక్క అనకుండా రెక్క ఎముక అనాలి. పదం కచ్చితత్వం అది పుట్టిన చోటును బట్టి రాదు, ఇచ్చిన నిర్వచనాన్ని బట్టి వస్తుంది. బొక్క అంటే కోస్తాలో రంధ్రం కదా అన్నది రెండోది. అందుకే రాతకు ఎముక అంటున్నాను. నిజామాబాద్ జిల్లాలో రోగితో మాట్లాడేటప్పుడు మాత్రం బొక్క అనడానికి జంకనక్కర్లేదు. మూడోదే బరువైనది: సంస్కృత పదం భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడి, ఇంగ్లీషు పదం లోకమంతటికీ ఉమ్మడి, ఊరి మాట పట్టుకుంటే పిల్లలు వెనకబడతారు కదా? ఆ రెండు పదాలనూ తీసెయ్యమని నేననడం లేదు. పై చదువుకు పోయే పిల్లలకు స్కాపులా తెలిసి తీరాలి. తెలిసిన మాట మీద నిలబడి తెలియని మాటను అందుకోవడం సులువు, అంతే. ఈ నేల మీదే దీనికి పాఠం ఉంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని కూడా ఉర్దూలో బోధించి, దేశభాషలో ఏ శాస్త్రమైనా చెప్పొచ్చని నిరూపించింది. కానీ ఎక్కువగా అరబ్బీ, పారశీకాల నుంచి అల్లిన ఆ పదాలు తెలుగు పల్లెకు అందలేదు. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ శ్రమ గొప్పది, కాని ఎన్నో చోట్ల అరబ్బీ చోటికి సంస్కృతం వచ్చింది గానీ పల్లెకు దూరం తగ్గలేదు.

ఈ దూరాన్ని తగ్గించమని అడిగే హక్కు వేల్పూర్‌కు ప్రత్యేకంగా ఉంది. 2001లో ఈ మండలం బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించుకుంది. పిల్లల మీది బరువు దించి వాళ్లను బడికి పంపడానికి ఊరూరా పంచాయతీలు, పెద్దలు, అధికారులు కలిసి పనిచేశారు. అలా బడికి చేరిన తరానికి, దాని తర్వాతి తరానికి, తల్లిదండ్రుల కష్టాన్ని మోసిన ఎముక పేరు తమ నోటి మాటలో కనబడకపోతే చదువు పరాయిదన్న భావం మిగిలిపోతుంది. చేయవలసింది పెద్ద పని కాదు. పాఠంలో రెక్క ఎముక అని ముందు రాసి, పక్కన అంసఫలకం, స్కాపులా ఇవ్వాలి. ఉప ఆరోగ్య కేంద్రాల్లో రెక్కల నొప్పి అనే ఫిర్యాదును ఒళ్లునొప్పుల్లో కలిపి రాయకుండా, ఎక్కడ, ఏ పని చేస్తే, చెయ్యి ఎంత ఎత్తు లేస్తోందని అడిగి నమోదు చేయాలి. 2025లో నిజామాబాద్ కేంద్రంగా మొదలైన జాతీయ పసుపు బోర్డు పంట ధర, నాణ్యతలతో పాటు ఆ పంటను తవ్వి, మోసే వారి ఒంటి సంగతీ పట్టించుకోవాలి. వారికిచ్చే సూచనలు వారి మాటల్లోనే అచ్చు వేయాలి. రెక్కల కష్టం అని కూలివాళ్లు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. ఆ మాటను శరీరంలో ఫలానా చోటికి, ఫలానా నొప్పికి పేరుగా గుర్తించినప్పుడే వైద్యం వారి దాకా చేరుతుంది.

— వేల్పూర్, నిజామాబాద్ జిల్లా